ఆఖరున దిగినవారు ఆర్పవలెను

శనివారం పొద్దున అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు అబ్బాయి వాళ్ళింటి నుంచి నలుగురూ భోజనానికి వస్తారు. పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, కడుపునిండా తింటారు, పెళ్ళి ఎప్పుడో ఒక మాట అనుకుంటారు. అబ్బాయీ తనూ నానా తంటాలూ పడి, అలిగి, బతిమాలి, రెండిళ్ళవాళ్ళనీ ఒప్పించిన పెళ్ళి అది. ఇక మిగిలింది ఒక్క భోజనం. ఎవరెన్నింటికి వస్తారు, ఎవరికి కారం పడదు, కారు ఎక్కడ పెట్టుకోవాలి అన్న సంగతులు మాట్లాడుకోవడానికి ఫోన్‌లో ఒక గ్రూప్ తయారుచేసి, దానికి "మనవాళ్ళు" అని పేరు పెట్టి, అందులో తల్లితో పాటు తన తండ్రిని కూడా చేర్చింది. ఆ పిల్ల చేసిన తప్పు అదొక్కటే.

"నాన్నా, నీ కొత్త ఫోన్‌లోకి గ్రూప్ వచ్చింది చూడు. అన్నీ అందులోనే మాట్లాడుకుందాం. నేను ఆఫీసుకెళ్తున్నా, మధ్యమధ్యలో చూస్తూ ఉండు," అంది చెప్పులు తొడుక్కుంటూ.

"నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మా. అంతా నేను చూసుకుంటా," అన్నాడు తండ్రి. వంటింట్లో తల్లి ఆ మాట విని చేతిలో గరిట ఆపింది.

ఆయన గురించి కాస్త చెప్పాలి. చెప్పకపోతే మీరు కూడా అపార్థం చేసుకుంటారు, ఇప్పటికే చేసుకున్నవాళ్ళు చాలు. వీధిలో ఆయన్ని స్విచ్చాయన అంటారు. ఉద్యోగమంతా కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసి మొన్నీమధ్యే విరమించాడు. అక్కడ ఎవరైనా స్తంభమెక్కి తీగ మీద పనిచేయాలంటే ముందుగా తన పేరున్న రేకు బిళ్ళ తెచ్చి ఈయన గదిలో మేకుకి తగిలించాలి. అప్పుడు ఈయన లైను ఆపుతాడు. పని ముగించి కిందికి వచ్చాక మనిషి ఈయన ఎదుట నిలబడి "దిగానండి" అనాలి. ఈయనే స్వయంగా బిళ్ళ తీసి వాడి చేతిలో పెట్టి "వెళ్ళిరా" అంటాడు. మేకు మీద ఒక్క బిళ్ళ మిగిలినా సరే, లైనులోకి కరెంటు వదిలేది లేదు. బిళ్ళ ఉందంటే ఎవడో ఇంకా పైన వేలాడుతున్నాడని అర్థం. సగం ఊరు చీకట్లో కూర్చుని శాపనార్థాలు పెట్టినా, పై అధికారి ఫోన్‌లో గొంతు చించుకున్నా ఆయన చలించేవాడు కాదు. ఆ గది తలుపు మీద "ఆఖరున దిగినవారు ఆర్పవలెను" అని తన చేత్తోనే రంగుతో రాసుకున్నాడు. ఆయన కొలువులో ఒక్కడికీ చిన్న షాక్ కూడా తగల్లేదు.

ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. గదిలోంచి మనిషి లేస్తే ఫ్యాను ఆపేస్తాడు. లేవబోతున్నట్టు అనిపించినా ఆపేస్తాడు. స్నానాలగదిలో భార్య కాసేపు నీళ్ళ చప్పుడు చేయకపోతే లైటు ఆర్పేస్తాడు. అందుకని ఆవిడ స్నానం చేసినంతసేపూ గొంతెత్తి పాడుతూనే ఉంటుంది. ఆవిడకి సంగీతమంటే ఇష్టమని పక్కింటివాళ్ళు ఇప్పటికీ అనుకుంటున్నారు.

సరే, ఆ ఉదయం స్విచ్చాయన కళ్ళజోడు సవరించుకుని గ్రూప్ తెరిచాడు. మొట్టమొదట అబ్బాయి తల్లి రాసింది కనిపించింది. ఆవిడ ఒక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. "నమస్కారం. రేపు పదకొండు గంటలకు మేము నలుగురమూ హాజరవుతాము" అని రాసింది. స్విచ్చాయన ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని "నమస్కారమమ్మా. తప్పకుండా రండి" అని జవాబిచ్చాడు. దాంతో పని అయిపోయింది. పని అయిపోయాక బిళ్ళ మేకు మీద ఉంచకూడదు కదా. అటూ ఇటూ నొక్కగా నొక్కగా "బయటికి వెళ్ళాలా?" అని ఫోనే అడిగింది. ఎంత మర్యాద తెలిసిన ఫోను అని మెచ్చుకుంటూ ఆయన గ్రూప్‌లోంచి బయటికి వచ్చేసి, నీళ్ళ మోటారు చూడటానికి మేడ ఎక్కాడు.

అవతలి ఇంట్లో హెడ్మిస్ట్రెస్ గారు కాఫీ తాగుతూ, ఆయన వెళ్ళిపోయినట్టు ఫోన్‌లో చూసి ఏమీ అనుకోలేదు. "ఏదో పనుండి వెళ్ళుంటారు," అంది. కథ అక్కడే సుఖాంతమయ్యేది. కానీ పక్కనే కాలేజీలో చదువుకుంటున్న కూతురు కూర్చుని ఉంది.

"అమ్మా! ఆయన లెఫ్ట్ అయిపోయారే!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది చిన్నది.

"అయితే ఏమైంది? వెళ్ళారు, మళ్ళీ వస్తారు."

"నీకు తెలీదమ్మా. గ్రూప్‌లోంచి వెళ్ళడమంటే వెళ్ళడం కాదు. నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో లేచి, నీ మొహం మీద తలుపేసి పోవడం. మా క్లాసులో ప్రాణస్నేహితులు ఇద్దరు ఇలాగే విడిపోయారు. ఇప్పటికీ మాటల్లేవు."

"తప్పకుండా రండి అని రాశారు కదే?"

"అదే చెప్తున్నా! మనల్ని రండి అని, తను పోయారు. ఎంత వెటకారం!"

హెడ్మిస్ట్రెస్ కాఫీ కప్పు కింద పెట్టింది. ఆవిడ బడిలో చెప్పకుండా క్లాసులోంచి బయటికి పోయినవాడెవడూ తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకు రాకుండా తిరిగి లోపలికి వచ్చిన దాఖలా లేదు.

సంగతి అబ్బాయికీ, అబ్బాయి నుంచి అమ్మాయికీ చేరింది. అమ్మాయి గాభరాపడి తండ్రిని మళ్ళీ చేర్చింది. స్విచ్చాయన మేడ దిగివచ్చి చూసుకుంటే తన బిళ్ళ మళ్ళీ మేకు మీద ఉంది. "నేను దిగాక మళ్ళీ ఎవరు తగిలించారు దీన్ని? బుద్ధుందా అసలు?" అని విసుక్కుని తీసేశాడు. అమ్మాయి చేర్చింది. ఆయన తీసేశాడు. అమ్మాయి మళ్ళీ చేర్చింది. ఆయన మళ్ళీ తీసేశాడు. చెవి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టిన ప్రతిసారీ కిటికీలోంచి దూకి పారిపోయే కుర్రాణ్ణి చూసినట్టు హెడ్మిస్ట్రెస్ గారు ఫోన్‌ని చూస్తూ కూర్చుంది. చివరికి అమ్మాయి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా! ఎందుకలా వెళ్ళిపోతున్నావ్?"

"నేనెక్కడికెళ్ళానమ్మా? ఇంట్లోనే ఉన్నా. కావాలంటే మీ అమ్మనడుగు."

"ఇంట్లోంచి కాదు, గ్రూప్‌లోంచి!"

"పనైపోయింది, వచ్చేశా."

"పనైపోయినా అందులో ఉండాలి నాన్నా. ఎప్పుడూ ఉండాలి."

"ఉండి ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉండటమే. చూడకపోయినా, మాట్లాడకపోయినా, పడుకుని నిద్రపోతున్నా ఉన్నట్టే లెక్క. ఇప్పుడు ఉండటం అంటే అంతే."

"మా దగ్గర అలా ఉన్నవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళం," అన్నాడు స్విచ్చాయన.

మధ్యాహ్నానికి అబ్బాయి ఒక ఉపాయం ఆలోచించాడు. దంతవైద్యుడు కాబట్టి అతనికి పన్ను పీకకుండా నొప్పి తగ్గించే దారులు వెతకడం అలవాటు. "మా అమ్మకి మర్యాదలు ముఖ్యం. మీ నాన్నగారిని గ్రూప్‌కి అడ్మిన్‌ని చేసెయ్. పెద్దరికం ఇస్తే ఆయన వెళ్ళరు, అమ్మ కూడా చల్లబడుతుంది," అన్నాడు. అమ్మాయికి అది నచ్చింది. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఇప్పట్నించీ గ్రూప్‌కి నువ్వే ఇన్‌ఛార్జివి. ఎవర్ని చేర్చాలన్నా ఎవర్ని తియ్యాలన్నా నీ చేతిలో పనే. నువ్వు మాత్రం కదలకూడదు."

ఇన్‌ఛార్జి! ఆ మాట వినగానే స్విచ్చాయన ఒళ్ళు పులకరించింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పదవి ఆయన ముక్కు ముందు నుంచే సాగి ఇంకొకడి ఒళ్ళో పడింది. "తెలుసమ్మా. ఇన్‌ఛార్జి అంటే అందరూ దిగాకే తను దిగాలి," అన్నాడు గంభీరంగా.

"అదే నాన్నా! అచ్చంగా అదే!" అంది అమ్మాయి సంబరంగా. తండ్రీకూతుళ్ళకి ఇంత తొందరగా మాట కలవడం అదే మొదటిసారి. ఆ పిల్ల అక్కడే అనుమానించి ఉండాల్సింది.

కొత్త గదిలోకి మారిన ఆపరేటరు ఏం చేస్తాడో స్విచ్చాయన అదే చేశాడు. ఏది నొక్కితే ఏమవుతుందో ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. ఈలోగా గ్రూప్‌లో అబ్బాయి ఏదో జోకు వేస్తే చిన్నది "చచ్చిపోయా" అని రాసింది. స్విచ్చాయన కంగారుపడి "అయ్యో, డాక్టరుకి చూపించారా?" అని రాశాడు. తనని ఏడిపిస్తున్నారని చిన్నది మూతి ముడుచుకుంది. అయినా హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం కొంచెం మెత్తబడి, "పెద్దవారు బాధ్యత స్వీకరించినందుకు సంతోషం" అని రాసింది. మందుల షాపు నడిపే ఆవిడ భర్త దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఊళ్ళో అందరికీ మందులిచ్చే ఆయన, ఇంట్లో భార్య ఇచ్చిన మందు మాత్రమే మింగుతాడు.

సాయంత్రానికి అన్నీ కొలిక్కి వచ్చాయి. "సరే అన్నయ్యగారూ, రేపు కలుద్దాం. ఉంటాను" అని హెడ్మిస్ట్రెస్ రాసింది. స్విచ్చాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మనిషి దిగానని చెప్పింది. "మంచిదమ్మా. వెళ్ళిరండి" అని రాసి, ఆవిడ పేరు మీద వేలు నొక్కిపెట్టి బిళ్ళ తీసేశాడు. "ఓకే బావగారూ, బై" అన్నాడు మందుల షాపాయన. ఆయన బిళ్ళా తీశాడు. చిన్నది ముక్తసరిగా బై అంది, తీశాడు. "రేపు కలుద్దాం మామయ్యగారూ" అన్నాడు అబ్బాయి, తీశాడు. "ఆఫీసు నుంచి బయల్దేరుతున్నా" అని రాసింది కన్నకూతురు. న్యాయం అందరికీ ఒకటే కాబట్టి ఆమెనీ తీశాడు. "ఏమేవ్, నువ్వు దిగావా?" అని వంటింట్లోకి కేకేశాడు. గిన్నెల చప్పుడులో ఏమీ వినపడని భార్య అలవాటు ప్రకారం "ఆఁ, ఆఁ" అంది. ఆఖరున తన బిళ్ళ తనే తీసుకుని, హాల్లో లైటు కూడా ఆర్పేసి, తృప్తిగా నిట్టూర్చాడు. పైన ఎవరూ లేరు. అందరూ క్షేమం.

అవతలి ఇంట్లో మాత్రం ఎవరూ క్షేమంగా లేరు.

"నన్ను తీసేశాడు," అంది హెడ్మిస్ట్రెస్ నమ్మలేనట్టు. "పేరు కొట్టేస్తానంటే పిల్లలు గజగజ వణికేది నన్ను చూసి. అలాంటిది నా పేరే తీసేశాడు!"

"నన్ను కూడా తీసేశారు," అన్నాడు భర్త కాస్త గర్వంగా. భార్యతో సమానంగా ఆయనకి ఏదైనా జరగడం చాలా అరుదు.

"లెఫ్ట్ అవడమే నయం అమ్మా. రిమూవ్ చెయ్యడమంటే మెడపట్టి గెంటడం," అని చిన్నది మంట మీద నెయ్యి పోసింది. "అదీ ఒకేసారి కాదు. ఒక్కొక్కర్నీ, వరసగా, వెళ్ళిరండి అని చెప్పి మరీ!"

అబ్బాయి ఫోన్ చేసేసరికి అమ్మాయి బస్సులో ఉంది. "మీ నాన్నగారు మా అమ్మని గెంటేశారు," అన్నాడు. "నన్ను కూడా తీసేశారు కదా, నేనేం చెయ్యను?" అంది అమ్మాయి. "అంటే మీ ఇంట్లో నీ మాటకి విలువ లేదన్నమాట." "మీ ఇంట్లో మీ చెల్లెలి మాటకి మరీ ఎక్కువుంది." "అయితే ఇక రేపు ఎందుకు రావడం?" "రావద్దులే!" ఇద్దరూ ఒకేసారి ఫోన్ పెట్టేశారు. పెట్టేసి, మళ్ళీ అవతలివాళ్ళు చేస్తారేమోనని ఇద్దరూ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు.

అమ్మాయి ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎంత కష్టపడి ఒప్పించాను నాన్నా! అంతా పోయింది. పెళ్ళి లేదు, ఏం లేదు."

"అందర్నీ మర్యాదగా దింపి పంపించానమ్మా..." అన్నాడు స్విచ్చాయన. తన చేతి మీదుగా ఎవరికీ దెబ్బ తగల్లేదని చెప్పుకు తిరిగిన మనిషి, సొంత కూతురికే షాక్ కొట్టించాడు. ఆ సిగ్గుతో హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. "ఇది నా చేతిలో ఉండకూడదు," అని ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కాసేపటికి అవతల ఆవిడ కోపం కొంచెం దిగి, పోనీ ఏం చెప్తాడో విందామని తిరిగి చేసేసరికి ఫోన్ స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

"చూశావా!" అంది ఆవిడ భర్తతో. "ఇప్పుడు నోరు కూడా మూసుకున్నాడు. రేపు పొద్దున్నే వెళ్తున్నాం. ఇది ఫోన్‌లో తేలేది కాదు. మొహం మీద అడిగేసి వచ్చేద్దాం."

ఆదివారం పొద్దున, అనుకున్న సమయం కంటే చాలా ముందే నలుగురూ దిగారు. హెడ్మిస్ట్రెస్ సోఫా అంచున కూర్చుంది. అబ్బాయి అమ్మాయి వంక చూడలేదు, అమ్మాయి అబ్బాయి వంక చూడలేదు, అయినా ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయని ఇద్దరికీ తెలిసిపోయింది. స్విచ్చాయన భార్య మంచినీళ్ళు తెచ్చింది.

"నేను నీళ్ళు తాగడానికి రాలేదు వదినగారూ. ఒక్క మాట అడిగి వెళ్తా," అని హెడ్మిస్ట్రెస్ స్విచ్చాయన వైపు తిరిగింది. "మా సంబంధం నచ్చకపోతే ఆ ముక్క తిన్నగా చెప్పండి. అంతేగానీ రమ్మని పిలిచి, మా ఇంట్లో ఒక్కొక్కరి పేరూ తీసేయడం ఏం పెద్దరికమండీ?"

"అమ్మా, అది కాదు..." అన్నాడు స్విచ్చాయన.

"ఇక వినేదేం లేదు. మేం వెళ్తాం." ఆవిడ విసురుగా లేచింది.

ఆవిడ లేవడమే ఆలస్యం, ఆయన చెయ్యి దానంతటదే స్విచ్చుల మీదికి వెళ్ళింది. ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. ఎండకని ముందే కర్టెన్లు వేసి ఉండటంతో హాలంతా చీకటైపోయింది. ఆవిడ మర్చిపోయిన గొడుగు తీసుకుని ఆయన గబగబా ముందు నడిచి, గేటు తెరిచి పట్టుకుని, "మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుందమ్మా, చూసుకోండి," అన్నాడు. అంత కోపంలోనూ ఆవిడ గొడుగు అందుకుంది.

లోపల చీకట్లోంచి మందుల షాపాయన గొంతు వినిపించింది. "బావగారూ, నేనింకా లేవలేదండీ."

"అయ్యో అయ్యో! బావగారు ఇంకా దిగలేదా!" అని స్విచ్చాయన లోపలికి పరుగెత్తాడు. లైటు వేశాడు, ఫ్యాను వేశాడు. ఇదేం విడ్డూరమని హెడ్మిస్ట్రెస్ కూడా వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒకరు కూర్చున్నారు, ఒకరు నిలబడ్డారు. ఎవరి ప్రకారం నడుచుకోవాలో తెలియక ఆయన స్విచ్చు మీద వేలు పెట్టుకుని అటూ ఇటూ చూస్తూ చెమటలు కక్కాడు.

"వదినగారూ, ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అంది హెడ్మిస్ట్రెస్ నెమ్మదిగా.

"ఎప్పుడూ ఇంతే!" అని బద్దలైంది భార్య. "ఒక్క పూట ప్రశాంతంగా ఫ్యాను కింద కూర్చుని ఎరుగుదునా? స్నానం చేస్తూ నోరు మూసుకుంటే లైటు ఆర్పేస్తారు. నిన్న మీతోబాటు నన్నూ, మా అమ్మాయినీ తీసేసి, తననీ తీసేసుకున్నారు. మీ మీద కోపమైతే నేనేం పాపం చేశాను?"

"కోపమేంటే!" అన్నాడు స్విచ్చాయన. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, మా దగ్గర పేరు తియ్యడం అంటే గెంటడం కాదు. మనిషి తీగ మీంచి భద్రంగా కిందికి వచ్చాడని. దిగానన్నవాడి పేరు ఇంకా మేకు మీదే ఉంటే నాకు ముద్ద దిగదు. మీరు వెళ్తానన్నారు కదా, మిమ్మల్ని పైన వదిలేసి ఎలా ఊరుకోను? తప్పు నాదే. మా పిల్లని మాత్రం కాదనకండి."

హెడ్మిస్ట్రెస్ వచ్చి సోఫాలో, ఈసారి వెనక్కి జారగిలబడి కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. ఆ తరవాత ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందేమోనని అందరూ హడలిపోయారు. ఆవిడ నవ్వుతోంది. "అమ్మ నవ్వుతోంది!" అంది చిన్నది భయంగా.

"అన్నయ్యగారూ, ఒక నిజం చెప్పనా," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "మీరు తీసేశాక కోపంతో రగిలిపోయాను, నిజమే. కానీ ఆ గ్రూప్ చప్పుడు ఆగిపోయేసరికి ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!" చేతిసంచిలోంచి ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇందులో ఇంకా బోలెడున్నాయి. ఎప్పుడో ఎవరో చేర్చారు. పొద్దున్న లేస్తే పూలబొమ్మలు, సలహాలు. వెళ్దామంటే తప్పని మా చిన్నది భయపెడుతుంది. నన్ను దింపండి బాబూ!"

స్విచ్చాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పని అయిపోయినవేనా అమ్మా?"

"ఎప్పుడో అయిపోయింది."

ఆయన ప్రతి గ్రూప్‌లోనూ "దిగానండి. వెళ్ళొస్తాను" అని రాసి, ఆవిడ బిళ్ళ తీసుకుంటూ పోయాడు. "అమ్మా, నీ పని అయిపోయింది! రేపట్నించి నీ మొహం ఎవరూ చూడరు!" అని చిన్నది నెత్తీ నోరూ బాదుకుంది. మందుల షాపాయన చడీచప్పుడు లేకుండా తన ఫోన్ కూడా తీసి వరసలో పెట్టాడు. ఈ సందడిలో అబ్బాయీ అమ్మాయీ వంటింట్లోకి జారుకున్నారు. నిన్నటి మాటలు ఎవరు ముందు వెనక్కి తీసుకున్నారో తెలియదు గానీ, వంటింట్లో లైటు ఆరలేదు. స్విచ్చాయన అటువైపు వెళ్ళబోతే భార్య చొక్కా పట్టుకుని ఆపింది. భోజనాలయ్యాయి. పెళ్ళి ఎప్పుడో అనుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్ల మీద ఫోన్లు. దిగానంటే ఏమైందో ఏమోనని ఏళ్ళ తరబడి గొంతు వినిపించని చుట్టాలు కూడా కంగారుగా మాట్లాడారు. ఎవరికీ ఆవిడ మీద కోపం లేదు. చాలామంది గొంతు తగ్గించి, ఎలా దిగారో కొంచెం చెప్పమని అడిగారు. ఆవిడ అందరికీ స్విచ్చాయన నంబరు ఇచ్చింది.

పెళ్ళి ఘనంగా జరిగింది. ఆఖరి అతిథి కారెక్కగానే హాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చీకట్లో ఫొటోగ్రాఫరు పాపం ఇంకా నవ్వమంటూనే ఉన్నాడు. అమ్మాయి తన కొత్త ఇంటికి వెళ్తూ అమ్మకీ నాన్నకీ తనకీ కలిపి ఒక గ్రూప్ పెట్టింది. పోయినసారి ఫోన్ చేసినప్పుడు ఆ గ్రూప్ సంగతే అడిగింది.

"నాన్నా, నువ్వింకా అందులోనే ఉన్నావ్! ఏమీ రాయవు, ఏమీ అడగవు, ఊరికే ఉంటావ్. ఇంకా వెళ్ళలేదేం?"

"నువ్వు దిగానని చెప్పలేదు కదమ్మా," అన్నాడు స్విచ్చాయన.

"నేను చెప్పను నాన్నా," అంది.

"చెప్పకు."

ఎదురుగా కూర్చుని ఇదంతా విన్న భార్యకి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవడానికి రుమాలు కోసం లేచింది. ఫ్యాను ఆగిపోయింది.